ఒంటి సిలిండరు మోటారు సైకిల్ కంపనాలు: చేతులపై ప్రభావం, మోతాదు లెక్క, తగ్గించే పద్ధతులు

సారాంశం

గ్రామీణ ప్రాంతాలలో రైతులు, వ్యవసాయ విస్తరణ సిబ్బంది వాడే మోటారు సైకిళ్లలో అత్యధికం ఒకే సిలిండరు గల ఇంజనుతో నడిచేవి. పిస్టన్ కదలిక వల్ల ఈ ఇంజనులో పుట్టే కంపనం హ్యాండిల్, ఫుట్‌రెస్ట్, సీటు ద్వారా శరీరానికి చేరుతుంది. వేళ్ల తిమ్మిరి, పట్టు సడలడం, చలిలో వేళ్లు పాలిపోవడం వంటి ఇబ్బందులకు ఇది కారణం కాగలదు. పొలంలో పవర్ వీడర్, పవర్ టిల్లర్, బ్రష్ కట్టర్ నడిపే చేతులకు ఈ ప్రయాణ కంపనం అదనంగా చేరుతుంది. అందువల్ల బండిని, పొలం యంత్రాన్ని విడివిడిగా కాక, ఒకే చేతికి ఒక రోజులో అందే మొత్తం మోతాదుగా లెక్కించవలసి ఉంటుంది. కంపనం పుట్టే విధానం, దాని మూలాన్ని గుర్తించే సులువైన పరీక్షలు, మోతాదు లెక్క, తగ్గించే పద్ధతులు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

పరిచయం

బండి దిగిన తరువాత కొంతసేపు వేళ్లలో చీమలు పాకినట్లు ఉండడం చాలామందికి అనుభవమే. ఐదు పది నిమిషాలలో అది తగ్గిపోతుంది గనుక దానిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అయితే ఆ తిమ్మిరి ప్రతి రోజూ రావడం, తగ్గడానికి పట్టే సమయం క్రమంగా పెరగడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, విత్తనాలు వేళ్లతో తీయడం కష్టం కావడం వంటి మార్పులు నరాలు, సన్నని రక్తనాళాలు దెబ్బతింటున్నాయనడానికి తొలి సంకేతాలు.

కంపించే పనిముట్లకు, చేతి వ్యాధికి గల సంబంధం కొత్తగా తెలిసినది కాదు. చలికి వేళ్లు తెల్లబడే స్థితిని ఫ్రాన్సుకు చెందిన వైద్యుడు మారిస్ రేనో 1862లో వర్ణించాడు. గాలి ఒత్తిడితో నడిచే సుత్తులు వాడే ఇటలీ కార్మికులలో ఇటువంటి లక్షణాలను 1911లో జొవాన్ని లోరిగా నివేదించాడు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్ ప్రాంతంలో సున్నపురాయి చెక్కే కార్మికులను ఆలిస్ హామిల్టన్ పరిశీలించి 1918లో ఈ వ్యాధిని విపులంగా నమోదు చేసింది. తరువాతి కాలంలో జపాన్‌లో మోటారు సైకిళ్లపై ఉత్తరాలు పంచే తపాలా ఉద్యోగులలోను, ట్రాఫిక్ పోలీసులలోను ఈ తరహా లక్షణాలు గుర్తించబడ్డాయి. అనగా ఈ సమస్య రాళ్లు కొట్టే సుత్తికి మాత్రమే పరిమితం కాదు. మోటారు సైకిల్ హ్యాండిల్‌ను రోజూ గంటల తరబడి పట్టుకునే వారికి కూడా వర్తిస్తుంది.

కంపనం పుట్టే విధానం

ఒంటి సిలిండరు ఇంజనులో పిస్టన్ పైకి వెళ్లి ఆగి, దిశ మార్చుకొని కిందికి వస్తుంది. క్రాంక్ షాఫ్ట్ ఒక్కొక్క భ్రమణంలో ఇది రెండు సార్లు ఆగి బయలుదేరుతుంది. ఇలా ఆపడానికి, తిరిగి కదిలించడానికి కావలసిన బలానికి సమానమైన ప్రతిచర్య ఇంజను కేసింగ్‌పై, అక్కడి నుండి ఫ్రేమ్‌పై పడుతుంది. దీనినే జడత్వ బలం అంటారు. ముందుకు వెనుకకు కదిలే భాగాల ద్రవ్యరాశిని, క్రాంక్ వ్యాసార్ధాన్ని, కోణీయ వేగం యొక్క వర్గాన్ని గుణించగా ప్రధాన జడత్వ బలం లభిస్తుంది. వేగం వర్గంలో ఉండడమే ఇక్కడ ముఖ్యం. ఇంజను వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది.

ఒక ఉదాహరణ. దేశంలో దశాబ్దాల పాటు తయారైన 346 సి.సి. బుల్లెట్ ఇంజను సిలిండరు వ్యాసం 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ. కనుక క్రాంక్ వ్యాసార్ధం 45 మి.మీ. పిస్టన్, రింగులు, పిన్, కనెక్టింగ్ రాడ్ పై భాగం కలిపి 0.4 కిలోగ్రాములు అనుకుంటే, నిమిషానికి 4,000 భ్రమణాల వద్ద గరిష్ఠ జడత్వ బలం సుమారు 3,160 న్యూటన్లు, అనగా 320 కిలోల బరువుకు సమానం. అదే ఇంజను 3,000 భ్రమణాల వద్ద తిరిగితే బలం సుమారు 1,780 న్యూటన్లకు పడిపోతుంది. వేగాన్ని నాలుగో వంతు తగ్గిస్తే బలం 44 శాతం తగ్గుతుందన్నమాట.

చిన్న ఇంజనులో కంపనం తక్కువని భావించడం సరికాదు. 97.2 సి.సి. స్ప్లెండర్ ఇంజను సిలిండరు వ్యాసం 50 మి.మీ., స్ట్రోక్ 49.5 మి.మీ. కదిలే ద్రవ్యరాశి 0.15 కిలోగ్రాములు మాత్రమే అనుకున్నా, 6,000 భ్రమణాల వద్ద జడత్వ బలం సుమారు 1,470 న్యూటన్లు. చిన్న పిస్టన్ వల్ల కలిగే లాభాన్ని అధిక వేగం చాలా వరకు హరిస్తుంది. చిన్న బండి తేలికైనది కూడా కావడం వల్ల అదే బలానికి ఎక్కువగా కదులుతుంది.

ఈ బలాన్ని తగ్గించడానికి క్రాంక్ పిన్‌కు ఎదురు దిశలో బరువు అమర్చుతారు. పిస్టన్ బలం మొత్తాన్ని ఈ బరువుతోనే తుల్యం చేస్తే, సిలిండరు దిశలో కంపనం పోతుంది గాని అంతే బలం దానికి లంబ దిశలో పుడుతుంది. అందుచేత సాధారణంగా దాదాపు సగం బలాన్ని మాత్రమే తుల్యం చేస్తారు. మిగిలిన సగం క్రాంక్ తిరిగే దిశకు వ్యతిరేకంగా తిరిగే బలంగా నిలిచిపోతుంది. క్రాంక్‌తో సమాన వేగంతో, ఎదురు దిశలో తిరిగే మరొక బరువు షాఫ్ట్‌ను అమర్చితే ఈ మిగిలిన సగం కూడా తుల్యమవుతుంది. ఇదే బ్యాలెన్సర్ షాఫ్ట్. 346 సి.సి. బుల్లెట్‌లో ఇది లేదు. అదే సంస్థ 2020లో మీటియర్‌లోను, 2021లో క్లాసిక్‌లోను ప్రవేశపెట్టిన 349 సి.సి. ఇంజనులో ఇది ఉంది. రెండింటినీ నడిపినవారు గమనించే తేడాకు ఇది ముఖ్య కారణం.

బ్యాలెన్సర్ ఉన్నంత మాత్రాన కంపనం పూర్తిగా పోదు. కనెక్టింగ్ రాడ్ వాలు వల్ల క్రాంక్ వేగానికి రెట్టింపు పౌనఃపున్యంతో పుట్టే ద్వితీయ బలం మిగులుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు భ్రమణాలకు ఒకసారి ఇంధనం మండడం వల్ల కలిగే కుదుపు కూడా ఉంటుంది. 4,500 భ్రమణాల వద్ద ప్రధాన కంపనం సెకనుకు 75 సార్లు, ద్వితీయ కంపనం 150 సార్లు, దహన కుదుపు 37.5 సార్లు సంభవిస్తాయి.

అనునాదం

పుట్టిన బలం ఎంత అన్నది ఒక విషయం. అది చేతికి ఎంత చేరుతుంది అన్నది మరొక విషయం. హ్యాండిల్, ఫుట్‌రెస్ట్, అద్దాల కమ్ములు ఒక్కొక్క దానికి ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఇంజను కంపనం ఆ పౌనఃపున్యానికి దగ్గరైనప్పుడు ఆ భాగం అనేక రెట్లు అధికంగా ఊగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వద్ద సుఖంగా ఉన్న బండి 58 వద్ద చేతులను దడదడలాడించి, 65 వద్ద మళ్లీ కొంత నెమ్మదించడానికి కారణం ఇదే. కనుక జడత్వ బలం వేగంతో పెరుగుతుందన్న సూత్రం ఒక్కటే సరిపోదు. ప్రతి బండికి తప్పించుకోవలసిన వేగాల పట్టీ ఒకటి ఉంటుంది.

మూలాన్ని గుర్తించే పరీక్షలు

చికిత్సకు ముందు రోగ నిర్ధారణ ఎంత అవసరమో ఇక్కడ మూలాన్ని గుర్తించడం అంతే అవసరం. ఇంజను కంపనం సాధారణంగా సెకనుకు 30 నుండి 150 సార్ల పరిధిలో ఉండి చేతులకు, పాదాలకు జలదరింపుగా తెలుస్తుంది. చక్రం కంపనం చాలా నెమ్మది. 18 అంగుళాల చక్రం టైరుతో కలిపి చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు కనుక, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు తొమ్మిది సార్ల లోపే తిరుగుతుంది. రోడ్డు గతుకుల వల్ల కలిగే ఊపు ఇంకా నెమ్మదిగా ఉండి నడుముకు, వెన్నుకు తెలుస్తుంది. కూర్చున్న మనిషి వెన్ను నిలువు దిశలో సెకనుకు 4 నుండి 6 సార్ల ఊపుకు అధికంగా స్పందిస్తుంది. కనుక వెన్ను నొప్పికి కారణాన్ని ఇంజనులో కాక, ముందుగా షాక్ అబ్జార్బర్లలో, టైరు గాలిలో, రోడ్డులో వెదకాలి.

ఈ మూడింటిని వేరుచేయడానికి పరికరాలు అవసరం లేదు.

1. నిలబెట్టి చేసే పరీక్ష: బండిని మెయిన్ స్టాండ్‌పై నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి, ఇంజను వేగాన్ని నెమ్మదిగా పెంచాలి. అద్దంలో ప్రతిబింబం చెదిరే వేగాన్ని, హ్యాండిల్ అధికంగా అదిరే వేగాన్ని గమనించాలి. ఇది ఇంజను, అనునాదాలకు సంబంధించినది. స్టాండ్‌పై ఉన్న స్థితి నడిచే స్థితికి పూర్తిగా సమానం కాదు గనుక దీనిని ప్రాథమిక సూచనగానే తీసుకోవాలి.

2. గేరు మార్చే పరీక్ష: వాహనాలు లేని సమతల రోడ్డుపై ఒకే వేగంలో మూడవ, నాలుగవ గేర్లలో నడపాలి. గేరుతో కంపనం స్వభావం మారితే మూలం ఇంజను. మారకపోతే చక్రం, టైరు లేక రోడ్డు.

3. క్లచ్ పరీక్ష: అటువంటి రోడ్డుపైనే యాక్సిలరేటర్ వదలి, క్లచ్ పట్టి బండిని కొద్ది దూరం దొర్లనివ్వాలి. కంపనం వెంటనే తగ్గితే ఇంజను వైపు, కొనసాగితే చక్రం, చైన్, బేరింగ్‌ల వైపు చూడాలి.

శరీరంపై ప్రభావం

చేతికి చేరిన కంపనం మూడు విధాలుగా హాని చేస్తుంది. మొదటిది నరాలపై ప్రభావం. తిమ్మిరి, స్పర్శ మందగించడం, వేడి చల్లదనాల తేడా సరిగా తెలియకపోవడం దీని లక్షణాలు. రెండవది సన్నని రక్తనాళాలపై ప్రభావం. చలిలో, తడిలో వేళ్ల కొనలు హఠాత్తుగా పాలిపోయి, తరువాత నీలిరంగుకు, పిమ్మట ఎరుపుకు మారి మంట పుడుతుంది. నల్లని చర్మం గలవారిలో వేలు పైభాగాన ఈ పాలిపోవడం స్పష్టంగా కనిపించకపోవచ్చు. గోళ్ల కిందను, వేళ్ల లోపలి వైపును చూడాలి. మూడవది కండరాలు, కీళ్లు, మణికట్టుపై ప్రభావం. పట్టు బలం తగ్గడం, మోచేయి, భుజం నొప్పి ఇందులో చేరతాయి.

1986లో స్టాక్‌హోమ్‌లో జరిగిన నిపుణుల సమావేశం రక్తనాళాల లక్షణాలకు, నరాల లక్షణాలకు వేర్వేరు దశలు నిర్ణయించింది. రెండూ ఒకే వేగంతో ముదరవు. వేళ్లు తెల్లబడని వ్యక్తిలో కూడా నరాల హాని జరిగి ఉండవచ్చు. తొలి దశలో కంపనం మాన్పిస్తే లక్షణాలు తగ్గే అవకాశం ఉంది. ముదిరిన తరువాత, ముఖ్యంగా నరాల హాని, పూర్తిగా నయం కావడం కష్టం. అందువల్లనే తొలి తిమ్మిరిని విస్మరించరాదు.

ప్రతి తిమ్మిరికి కంపనమే కారణం అని కూడా తీర్మానించరాదు. మధుమేహం, థైరాయిడ్ లోపం, మణికట్టు వద్ద నరం నొక్కుకుపోవడం కూడా ఇవే లక్షణాలను చూపుతాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్ర లేపుతుంటే మణికట్టు నరాన్ని, చిటికెనవేలు మాత్రమే తిమ్మిరెక్కుతుంటే అరచేతి మడమపై ఒత్తిడిని అనుమానించాలి. నిర్ధారణ వైద్యుని పని. విస్తరణ సిబ్బంది చేయవలసినది సకాలంలో ఆయన వద్దకు పంపడం.

మోతాదు లెక్క: చేతికి ఖాతా ఒక్కటే

ఎరువుల మోతాదును ఎకరాకు లెక్కించినట్లే కంపనం మోతాదును రోజుకు లెక్కిస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 5349 ప్రకారం చేతికి చేరే త్వరణాన్ని సెకనుకు సెకనుకు మీటర్లలో కొలిచి, పౌనఃపున్యాన్ని బట్టి తూకం వేసి, ఎనిమిది గంటల దినానికి సమానమైన విలువగా మారుస్తారు. ఐరోపా సమాఖ్య 2002లో జారీచేసిన నిర్దేశం ప్రకారం ఈ విలువ 2.5 దాటితే యజమాని నివారణ చర్యలు చేపట్టాలి. 5 దాటడానికి వీలు లేదు.

లెక్క సులువు. ప్రతి యంత్రం త్వరణం యొక్క వర్గాన్ని గంటలతో గుణించి, అన్నింటిని కూడి, ఎనిమిదితో భాగించి, వర్గమూలం తీయాలి. ఒక రైతు రోజుకు రెండు గంటలు మోటారు సైకిల్‌పై ప్రయాణించి, మూడు గంటలు పత్తి సాళ్లలో పవర్ వీడర్ నడుపుతున్నాడనుకుందాం. బండి హ్యాండిల్ వద్ద త్వరణం 4, వీడర్ హ్యాండిల్ వద్ద 6 అని ఉదాహరణకు తీసుకుంటే ఫలితాలు ఈ విధంగా ఉంటాయి.

పట్టిక 1. ఎనిమిది గంటల సమాన మోతాదు (ఊహించిన విలువలతో ఉదాహరణ)

| సందర్భం | మోతాదు |
|---|---|
| బండి మాత్రమే (4, 2 గంటలు) | 2.0 |
| వీడర్ మాత్రమే (6, 3 గంటలు) | 3.7 |
| రెండూ కలిపి | 4.2 |
| బండి త్వరణం 2కు తగ్గిస్తే | 3.8 |
| వీడర్ త్వరణం 4కు తగ్గిస్తే | 3.2 |
| వీడర్ పనిని ఇద్దరు పంచుకుంటే (1.5 గంటలు) | 3.3 |
| బండి 3కు, వీడర్ 4కు తగ్గించి, పనిని పంచుకుంటే | 2.3 |

ఈ పట్టిక మూడు విషయాలు తెలుపుతుంది. మొదటిది, బండి ఒక్కటే చూస్తే 2.5 లోపు ఉన్న మనిషి వీడర్‌ను కలిపితే ఆ హద్దును బాగా దాటిపోతున్నాడు. రెండవది, త్వరణం వర్గంలో ఉన్నందున దానిని సగం చేయడం కాలాన్ని నాలుగో వంతు చేయడంతో సమానం. మూడవది, పెద్ద పద్దును ముందు తగ్గించాలి. ఈ రైతు బండికి ఎంత ఖర్చు చేసినా వీడర్‌ను అలాగే వదిలితే లాభం స్వల్పం. అదే రోజుకు నాలుగైదు గంటలు బండిపైనే తిరిగే విస్తరణ ఉద్యోగికి, పాల సేకరణ చేసే వ్యక్తికి బండియే పెద్ద పద్దు. త్వరణం 4 గల హ్యాండిల్‌ను 3 గంటల 7 నిమిషాలు పట్టుకుంటే 2.5 మోతాదు చేరుతుంది.

అన్నింటికన్నా ఎక్కువ మోతాదు పొందేది అద్దెకు తిరిగే వీడర్‌ను రోజుకూలీపై నడిపే కార్మికుడు. త్వరణం 6 వద్ద ఆరు గంటలు నడిపితే మోతాదు 5.2కు చేరుతుంది. ఇది గరిష్ఠ పరిమితిని దాటినట్లే. సాయంత్రం అతడు ఇంటికి వెళ్లేది కూడా మోటారు సైకిల్‌పైనే.

ఇదే ప్రమాణం అనుబంధం ప్రకారం, రోజూ 3.7 మోతాదుకు గురయ్యే సమూహంలో సుమారు 8 సంవత్సరాలకు, 7 మోతాదుకు గురయ్యే సమూహంలో సుమారు 4 సంవత్సరాలకు పది శాతం మందిలో వేళ్లు తెల్లబడే లక్షణం కనిపించవచ్చు. ఈ అంచనా పనిముట్లతో ఏడాది పొడవునా పనిచేసే కార్మికులకు సంబంధించినది. కాలానుగుణంగా మారే వ్యవసాయ పనులకు దీనిని యథాతథంగా అన్వయించకూడదు గాని, కాలం గడిచేకొద్దీ హాని పోగుపడుతుందన్న సూత్రం మారదు.

తగ్గించే పద్ధతులు

అ) మూలంలో తగ్గించడం

నడిపే విధానం ఖర్చు లేని మొదటి పద్ధతి. పరీక్షలో గుర్తించిన అదురు వేగాన్ని తప్పించి, దాని కంటే గంటకు ఐదారు కిలోమీటర్లు తక్కువలో నిలకడగా నడపాలి. ఇంజను వేగం తగ్గించాలని పెద్ద గేరులో మరీ నెమ్మదిగా లాగించడం కూడా తప్పే. అప్పుడు దహన కుదుపులు బలంగా, నెమ్మదిగా వచ్చి చైన్‌ను, హబ్‌ను కొడతాయి. ఇంజను మొత్తుకోకుండా, అరవకుండా సాగే మధ్య వేగం శ్రేయస్కరం.

నిర్వహణ రెండవది. ఇంజనును ఫ్రేమ్‌కు బిగించే బోల్టులలో ఒక్కటి వదులైనా కంపనం స్వభావమే మారిపోతుంది. వీటిని తయారీదారు చెప్పిన బిగువుతో బిగించాలి. అతిగా బిగిస్తే మర తెగుతుంది. చైన్ సడలింపును బండితో ఇచ్చిన పుస్తకంలోని కొలతకు సరిచూసి, చక్రాన్ని తిప్పుతూ నాలుగైదు చోట్ల పరీక్షించాలి. ఒకచోట బిగువుగా, మరోచోట వదులుగా ఉంటే చైన్, స్ప్రాకెట్లు అరిగినట్లే. వెనుక హబ్‌లోని రబ్బర్లు గట్టిపడితే కుదుపులు నేరుగా చేరతాయి. ట్యాపెట్ సందు, స్పార్క్ ప్లగ్, గాలి ఫిల్టర్, ఐడిల్ వేగం సరిగా ఉంటే దహనం సమంగా జరుగుతుంది. స్టీరింగ్ కోన్ సెట్, చక్రాల బేరింగ్‌లు, వెనుక ఫోర్క్ బుష్‌లు, స్పోకులు, టైరులో గాలి కూడా చూడాలి. పాల క్యానులు, ఎరువు బస్తా వంటి బరువులు మోసే రోజున వెనుక టైరు గాలిని ఆ బరువుకు సూచించిన మేరకు ఉంచాలి.

కొత్త బండి కొనే దశలో, రోజువారీ ప్రయాణం ఎక్కువగా ఉన్నవారు మైలేజీతో పాటు బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉన్నదీ లేనిదీ అడగడం, తాము రోజూ వెళ్లే వేగంలో కనీసం పావుగంట నడిపి చూడడం మంచిది.

ఆ) మార్గంలో అడ్డుకోవడం

హ్యాండిల్ చివర్లలో బరువులు అమర్చితే దాని సహజ పౌనఃపున్యం తగ్గుతుంది, ఊగే పరిమితి కూడా తగ్గుతుంది. అదురు పట్టీ తరచు వాడే వేగం నుండి పక్కకు జరుగుతుంది. అయితే అది మరొక వేగానికి చేరవచ్చు గనుక అమర్చిన తరువాత మళ్లీ పరీక్షించాలి. బరువు యాక్సిలరేటర్ గ్రిప్‌కు తగలకుండా, గ్రిప్ తనంతట తాను వెనుకకు తిరిగి వచ్చేట్లు చూడడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

రబ్బరు ద్వారా అడ్డుకోవడానికి ఒక నియమం ఉంది. రబ్బరుపై ఉంచిన భాగం సహజ పౌనఃపున్యం, కంపన పౌనఃపున్యాన్ని 1.41తో భాగించగా వచ్చిన విలువ కంటే తక్కువగా ఉంటేనే కంపనం తగ్గుతుంది. అంతకు మించితే రబ్బరు కంపనాన్ని పెంచుతుంది. 75 హెర్ట్జ్ కంపనానికి ఆ విలువ 53 హెర్ట్జ్. గట్టిపడిన పాత రబ్బరు పనిచేయకపోవడానికి, మరీ మెత్తనిది స్టీరింగ్‌ను అస్థిరం చేయడానికి కారణం ఇందులోనే ఉంది. అందువల్ల ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, హ్యాండిల్ బుష్‌లు, గ్రిప్‌లు అరిగినప్పుడు ఆ బండికి నిర్దేశించినవే వేయడం ఉత్తమం. గ్రిప్‌పై గుడ్డ, స్పాంజి చుట్టి లావు చేస్తే దానిని పట్టుకోవడానికి ఎక్కువ బలం కావాలి. పట్టు బిగిసేకొద్దీ కంపనం చేతిలోకి మరింతగా ప్రవేశిస్తుంది.

ఇ) వ్యక్తి స్థాయిలో జాగ్రత్తలు

హ్యాండిల్‌ను బండి అదుపు తప్పనంత మేరకే పట్టుకోవాలి. మోచేతులను కొద్దిగా వంచి, బరువును అరచేతులపై కాక సీటుపై, పాదాలపై ఉంచాలి. క్లచ్, బ్రేక్ లీవర్లను మణికట్టు పైకి విరగకుండా ఉండే కోణంలో అమర్చుకోవాలి. అరగంట, ముప్పావు గంటకొకసారి ఆగి వేళ్లు కదిలించాలి. చలికాలపు ఉదయాలలో చేతులను వెచ్చగా ఉంచాలి. పొగాకు రక్తనాళాలను కుంచింపజేస్తుంది గనుక ఈ లక్షణాలు ఉన్నవారు దానిని మానాలి.

చేతి తొడుగుల విషయంలో ఒక అపోహ ఉంది. కంపన నిరోధక తొడుగులను ఐ.ఎస్.ఓ. 10819 ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. అవి ప్రధానంగా అధిక పౌనఃపున్యాల వద్ద పనిచేస్తాయి. మోటారు సైకిల్, పవర్ టిల్లర్ కంపనాలలో ముఖ్యమైనవి 100 హెర్ట్జ్‌కు అటూ ఇటూ, తరచు అంతకు తక్కువగా ఉంటాయి. అక్కడ తొడుగుల వల్ల తగ్గుదల స్వల్పం. తొడుగు వెచ్చదనానికి, పడినప్పుడు చర్మ రక్షణకు తప్పక ఉపయోగపడుతుంది. కంపనానికి మందుగా మాత్రం దానిని సిఫారసు చేయరాదు.

పొలం యంత్రాలకు అన్వయం

పై సూత్రాలన్నీ పవర్ టిల్లర్, పవర్ వీడర్‌లకు వర్తిస్తాయి. పవర్ టిల్లర్ డీజిల్ ఇంజను సాధారణంగా 2,000 నుండి 2,400 భ్రమణాల వద్ద పనిచేస్తుంది. అనగా ప్రధాన కంపనం 33 నుండి 40 హెర్ట్జ్. చేతి ప్రమాణంలో 16 హెర్ట్జ్ దాటిన తరువాత పౌనఃపున్యం పెరిగేకొద్దీ తూకం తగ్గుతుంది. కనుక త్వరణం సమానంగా ఉన్నప్పుడు టిల్లర్ నెమ్మది కంపనానికి మోటారు సైకిల్ 75 హెర్ట్జ్ కంపనం కంటే దాదాపు రెట్టింపు తూకం పడుతుంది. చేతి ట్రాక్టరుపై కంపన నిరోధకాలు అమర్చి ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో జరిపిన పరిశోధనలలో కంపనంతో పాటు నడిపేవారి పని శ్రమ కూడా తగ్గినట్లు వెల్లడైంది. పొలం మారే సమయంలో, గట్టు దాటిన తరువాత యాక్సిలరేటర్‌ను తగ్గించడం, వంగిన లేక అరిగిన బ్లేడులను జతగా మార్చడం, హ్యాండిల్ ఎత్తును నడిపేవారి మోచేతికి అనుగుణంగా సరిచేయడం ఖర్చు లేని పద్ధతులు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

యంత్రాల శిక్షణ కార్యక్రమాలలో ఇంధనం, నూనె, బ్లేడులను గురించి చెప్పినట్లే కంపనాన్ని గురించి కూడా చెప్పాలి. అందుకు మూడు ప్రశ్నలు చాలు. రోజుకు బండి, యంత్రం కలిపి ఎన్ని గంటలు పట్టుకుంటున్నారు? దిగిన తరువాత తిమ్మిరి ఎంతసేపు ఉంటున్నది? చలిలోగాని, చల్లని నీటిలోగాని వేళ్లు పాలిపోతున్నాయా? తిమ్మిరి అరగంట దాటినా, రాత్రి వేళ వచ్చినా, మూడవ ప్రశ్నకు అవునన్నా ఆ వ్యక్తిని వైద్యుని వద్దకు పంపి, కంపించే పనిని తగ్గించాలి.

అద్దె యంత్రాల కేంద్రాలలో యంత్రం అప్పగించే ముందు బోల్టులు, రబ్బర్లు, బ్లేడులు తనిఖీ చేసే పద్ధతి, ఒక యంత్రానికి ఇద్దరు నడిపేవారు వంతులవారీగా పనిచేసే పద్ధతి అమలు చేయవచ్చు. వంతుల పద్ధతి వల్ల ఎకరాకు పట్టే కాలం పెరగదు. ఒక్కొక్క చేతికి చేరే మోతాదు మాత్రం తగ్గుతుంది.

ముగింపు

ఒంటి సిలిండరు ఇంజను చవకైనది, మరమ్మతు సులువైనది, గ్రామీణ అవసరాలకు తగినది. కంపనం దాని నిర్మాణంలోనే ఉన్నది గనుక పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు గాని, హద్దులో ఉంచడం సాధ్యమే. మూలాన్ని గుర్తించడం, ఇంజను వేగాన్ని అదుపులో ఉంచడం, బోల్టులు, చైన్, రబ్బర్లను సరిచూడడం, పెద్ద పద్దును ముందుగా తగ్గించడం అనే క్రమంలో పనిచేయాలి. కలుపు తీసే యంత్రం కూలీ ఖర్చును ఆదా చేస్తుంది. ఆ ఆదా దానిని నడిపే వ్యక్తి వేళ్ల స్పర్శను బలిగొనకుండా చూడడం కూడా యంత్రీకరణను ప్రోత్సహించే వారి బాధ్యతలో భాగమే.